ఢిల్లీలో నాలుగు రోజులు, అందులో ఒక సోమవారం

ప్రశ్న: దసరా సెలవుల్లో ఢిల్లీ వెళ్తున్నాం. అత్తయ్యగారు, మామయ్యగారు, మేమిద్దరం, తొమ్మిదో తరగతి చదివే పాప, రెండో తరగతి బాబు, మొత్తం ఆరుగురం. శుక్రవారం రాత్రి దిగుతాం. మంగళవారం రాత్రి తొమ్మిదింటికి తిరుగు విమానం. మావారు ఇరవై మూడు చోట్లతో జాబితా రాశారు. ఆదివారం ఆగ్రా, సోమవారం ఎర్రకోట, లోటస్ టెంపుల్, అక్షర్‌ధామ్, ఇలా. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. ఆవిడ అడిగింది తాజ్‌మహల్, అక్షర్‌ధామ్ రెండే. మామయ్యగారు చరిత్ర మాస్టారుగా చేసి రిటైరయ్యారు, ఆయనకు ఎర్రకోట తీరిగ్గా చూడాలని ఉంది. బాబుకు రైళ్ళంటే పిచ్చి. పాపకు ఫోన్‌లో ఛార్జింగ్ ఉంటే చాలు. "అంత దూరం వెళ్ళి గదిలో కూర్చుంటామా" అని మావారు, "నన్ను ఇక్కడే వదిలేసి వెళ్ళండి" అని అత్తయ్యగారు. మధ్యలో నాకు టెన్షన్. కారు మాట్లాడుకోవాలా, మెట్రోలో తిరగాలా? గది కరోల్‌బాగ్‌లో తీసుకోవాలా, పహాడ్‌గంజ్‌లోనా?
– ఒక కోడలు

జవాబు: ఇరవై మూడు ఎక్కువా కాదా అన్నది తర్వాత చూద్దాం. ముందు సోమవారం సంగతి తేల్చాలి. మీవారు సోమవారం కింద రాసిన మూడింటికీ ఆ రోజే సెలవు. ఎర్రకోట, లోటస్ టెంపుల్, అక్షర్‌ధామ్ మూడూ మూసేసి ఉంటాయి. నేషనల్ మ్యూజియం, రైల్ మ్యూజియం, తీన్‌మూర్తి భవన్ ఆవరణలోని ప్రధానమంత్రి సంగ్రహాలయ కూడా అంతే. ఢిల్లీలో సోమవారం తీరిగ్గా బయల్దేరి గేట్ల ముందు ఫొటోలు దిగి వచ్చేసిన కుటుంబాలు చాలానే ఉన్నాయి. తాజ్‌మహల్‌కు మాత్రం సెలవు శుక్రవారం. కాబట్టి ఆగ్రాను ఆదివారం నుంచి సోమవారానికి జరపండి. ఆదివారపు జనం తప్పుతారు, ఢిల్లీలో మూసి ఉండే రోజూ కలిసొస్తుంది. మీ ప్లాన్‌లో సగం చిక్కు దీంతోనే పోతుంది.

మిగతా సగం చిక్కు జాబితాలో లేదు. ఆరుగురూ ప్రతిచోటుకీ కలిసే వెళ్ళాలని మీ ఇంట్లో అందరూ అనుకుంటున్నారు చూశారా, అక్కడుంది. ఏడేళ్ళ పిల్లవాడి కాళ్ళకూ, అత్తయ్యగారి మోకాళ్ళకూ, మామయ్యగారి ఓపికకూ ఒకే ప్రోగ్రాం ఎలా కుదురుతుంది? కలిసి చూసేవి కొన్ని పెట్టుకోండి. మిగతావాటికి ఇద్దరొక వైపు, ముగ్గురొక వైపు వెళ్ళండి. ఎవరైనా గదిలో పడుకుంటామంటే పడుకోనివ్వండి. "గదిలో కూర్చుంటామా" అని మీవారు అడుగుతున్నారు కదా, మధ్యాహ్నం రెండు గంటలు కూర్చోవాల్సిందే. అక్టోబర్ మొదట్లో కూడా ఢిల్లీలో పగటి ఎండ గట్టిగానే ఉంటుంది. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి చాలు. ఆ లెక్కన ఇరవై మూడింటిలో ఏడెనిమిది మిగులుతాయి. మీవారు ఒప్పుకోకపోతే మిగిలినవన్నీ కారు కిటికీలోంచి చూపించమనండి. పార్లమెంటు, సుప్రీంకోర్టు లాంటివి ఎలాగూ మనం బయటి నుంచి చూసేవే.

శనివారం ఉదయం ఎర్రకోటకు వెళ్ళండి. ఇది మామయ్యగారి పూట, ఆయన్ను తొందరపెట్టకండి. షాజహాన్ తన రాజధానిని ఆగ్రా నుంచి ఇక్కడికి మార్చాలనుకుని 1639లో మొదలుపెట్టి 1648కి పూర్తి చేయించిన కోట ఇది. లాహోరీ గేటు దాటగానే పైకప్పున్న బజారు వస్తుంది, దాన్ని ఛత్తా చౌక్ అంటారు. ఒకప్పుడు అంతఃపుర స్త్రీలకు పట్టుబట్టలూ నగలూ అమ్మిన చోట ఇప్పుడు తాళంచెవుల గొలుసులూ గాజులూ అమ్ముతున్నారు. అక్కడ కొనడం వచ్చేటప్పుడు పెట్టుకోమని పాపకు ముందే చెప్పండి, లేకపోతే గంట అక్కడే గడిచిపోతుంది. లోపల దీవాన్-ఇ-ఖాస్ దగ్గర కాసేపు ఆగండి. నెమలి సింహాసనం ఉండింది అక్కడే. మన కృష్ణా తీరంలో కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే కోహినూర్ ఆ సింహాసనంలోనే ఉండేదంటారు. 1739లో నాదిర్షా ఢిల్లీని దోచుకుని సింహాసనంతో సహా పట్టుకుపోయాడు. ఈ కథను మనవరాలికి మామయ్యగారే చెప్పాలి, గైడు చెబితే పాప ఫోన్‌లోంచి తలెత్తదు.

కోటలో చాలామంది చూడకుండా వచ్చేసే భాగం బ్రిటిష్‌వాళ్ళ బ్యారకులు. 1857 తర్వాత వాళ్ళు లోపలి మహళ్ళు చాలావాటిని కూల్చేసి అక్కడ సైనికుల కోసం కట్టుకున్నవి అవి. ఇప్పుడు మ్యూజియాలు చేశారు. ఒకటి సుభాష్ చంద్రబోస్, ఆజాద్ హింద్ ఫౌజ్ మీద. ఫౌజ్ అధికారులు షానవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గుర్బక్ష్ సింగ్ ధిల్లాన్‌లను 1945 చివర్లో విచారించింది ఈ కోటలోనే. వాళ్ళ తరఫున భూలాభాయ్ దేశాయ్ వాదించారు, నెహ్రూ ఎన్నో ఏళ్ళ తర్వాత మళ్ళీ లాయరు గౌను వేసుకున్నారు. రిటైరైన చరిత్ర మాస్టారికి ఇంతకంటే మంచి గది ఢిల్లీలో దొరకదు. అత్తయ్యగారు నడవగలిగినంత నడిచి నీడలో కూర్చుంటారు. లోపల నడక ఎక్కువే, కాబట్టి బాబును ఆవిడ పక్కన కూర్చోబెట్టి చేతికి ఏదైనా తినడానికి ఇవ్వండి. ఇద్దరికీ కాలక్షేపం.

కోట ఎదురుగానే చాందినీ చౌక్. శనివారం అన్నాను కాబట్టి దుకాణాలు తెరిచే ఉంటాయి, ఆదివారమైతే చాలా షాపులు కట్టేస్తారు. ఇక్కడికి మీరు, మీవారు, పాప ముగ్గురే వెళ్ళండి. పెద్దవాళ్ళనూ బాబునూ క్యాబ్ ఎక్కించి గదికి పంపేయండి. ఆ సందుల్లో అత్తయ్యగారిని నడిపించడం ఆవిడకూ కష్టం, మీకూ కష్టం. పరాఠే వాలీ గలీలో పరాఠాలు పెనం మీద కాల్చరు, నేతిలో మునిగేలా వేయిస్తారు. ఇద్దరికి ఒక ప్లేటు చెప్పుకుని చూడండి. జామా మసీదు అక్కడికి దగ్గరే. నమాజు వేళల్లో సందర్శకులను రానివ్వరు, చేతులూ కాళ్ళూ కప్పే బట్టలుండాలి, మెట్లు నిటారుగా ఉంటాయి. అందుకే పెద్దవాళ్ళ జాబితాలోంచి దాన్ని తీసేశాను.

సాయంత్రం ఆరుగురూ కలిసి ఇండియా గేట్. దాని వెనకే ఉన్న జాతీయ యుద్ధ స్మారకం 2019లో తెరిచారు. చూడ్డానికి డబ్బులు కట్టనక్కర్లేదు. స్వాతంత్ర్యం వచ్చాక ప్రాణాలిచ్చిన సైనికుల పేర్లు, 25 వేలకు పైగా, గుండ్రంగా కట్టిన గోడల మీద ఒక్కొక్క రాయికి ఒక్కొక్కటిగా చెక్కారు. తెలుగు పేర్లు కనిపిస్తాయేమో వెతకమని పాపకు చెప్పండి. ఫోన్ జేబులోకి వెళ్తుందని గ్యారంటీ ఇవ్వను కానీ ప్రయత్నం చేయొచ్చు. చీకటి పడే వేళకు అక్కడుంటే దీపాల మధ్య చూడొచ్చు, ఎండా ఉండదు.

ఇండియా గేట్ చుట్టూ ఉన్న గుండ్రటి రోడ్డు మీదే హైదరాబాద్ హౌస్ ఉంది. ఏడో నిజాం కోసం ఆర్కిటెక్ట్ లుట్యెన్స్ గీసిన భవనం. విదేశీ అతిథులతో ప్రధాని చర్చలు జరిగేది అక్కడే కాబట్టి లోపలికి రానివ్వరు. కారు నెమ్మదిగా పోనిచ్చి మామయ్యగారికి చూపిస్తే చాలు. అక్కడి నుంచి అశోకా రోడ్డులోని ఆంధ్రాభవన్ దగ్గరే. రాత్రి భోజనం అక్కడి క్యాంటీన్‌లో చేయండి. రెండో రోజు నుంచే మీ అత్తయ్యగారు "కాస్త అన్నం, పప్పు దొరికితే..." అనడం మొదలుపెడతారు. మొదటి రోజే ఆ చోటు చూపించేస్తే ధైర్యంగా ఉంటారు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం అటు వెళ్ళకండి. బిర్యానీ కోసం ఊరంతా అక్కడే ఉంటుంది.

ఆదివారం పొద్దున్నే కుతుబ్ మీనార్. దీనికి వారంలో సెలవు లేదు. నేల చాలావరకు చదునుగా ఉంటుంది, అందుకని అత్తయ్యగారు కూడా రావచ్చు. ఏడింటికల్లా చేరితే రాళ్ళ మీద వెలుగూ బాగుంటుంది, జనమూ తక్కువ. 72.5 మీటర్ల ఆ మీనార్‌ను కుతుబుద్దీన్ ఐబక్ మొదలుపెట్టాడు, ఇల్తుత్‌మిష్ పైకి కట్టించాడు, పిడుగు పడి దెబ్బతింటే ఫిరోజ్ షా తుగ్లక్ పైభాగాన్ని మళ్ళీ కట్టించాడు. ఎక్కుతానని బాబు పేచీ పెడతాడు. లోపల 379 మెట్లున్నాయి కానీ 1981లో తొక్కిసలాట జరిగి పిల్లలు చనిపోయిన తర్వాత పైకి ఎవర్నీ ఎక్కనివ్వడం లేదు.

అక్కడ నాకు మీనార్ కంటే ఇనుప స్తంభమే గొప్పగా అనిపిస్తుంది. గుప్తుల కాలం నాటిది, సుమారు 1600 ఏళ్ళుగా ఎండావానల్లో నిలబడి ఉంది, అయినా చెప్పుకోదగ్గ తుప్పు లేదు. ఇనుములో భాస్వరం ఎక్కువగా ఉండటం వల్ల పైన పలచటి పొర ఏర్పడి కాపాడుతోందని లోహశాస్త్రవేత్తలు తేల్చారు. సైన్సులో తుప్పు గురించి చదివిన పిల్లకు ఇది చూపించకుండా ఎలా ఉంటాం? ఒకప్పుడు దాన్ని వెనక్కి చేతులు పెట్టి కౌగిలించుకుంటే అదృష్టమని జనం ఎగబడేవారు, ఇప్పుడు చుట్టూ కంచె వేశారు. పక్కనే అలాయీ మీనార్ మొండెం ఉంది. అలాఉద్దీన్ ఖిల్జీ కుతుబ్‌కు రెట్టింపు ఎత్తు కట్టాలనుకుని ఒక అంతస్తుతో ఆగిపోయినది. మీవారిని దాని ముందు నిలబెట్టి ఫొటో తీయండి, ఇరవై మూడు చోట్ల జాబితా గుర్తుగా.

అక్కడి నుంచి గదికి వచ్చి భోంచేసి పడుకోండి. మూడున్నరకు లేచి అక్షర్‌ధామ్ వెళ్ళండి. ఆదివారం రద్దీ ఉంటుంది, కాదనను. కానీ మంగళవారం విమానం పెట్టుకుని అక్కడికి వెళ్తే రాత్రి జరిగే నీళ్ళు, దీపాల ప్రదర్శన వదులుకోవాలి. అత్తయ్యగారికి బాగా నచ్చేది అదే. గుడిలోకి టికెట్ లేదు, ప్రదర్శనలకు ఉంది. ఫోన్లు, కెమెరాలు, బ్యాగులు ఏవీ లోపలికి రానివ్వరు, బయట క్లోక్‌రూమ్‌లో పెట్టాలి. వీలైనన్ని గదిలోనే వదిలేసి వెళ్తే అరగంట మిగులుతుంది. ఫోన్లు లేకుండా ఆరుగురు విడిపోతే ఒకరినొకరు వెతుక్కోవడం నరకం. లోపలికి వెళ్ళగానే ఒక చోటు, ఒక టైము అనుకోండి. బాబు జేబులో మీ పేరు, హోటల్ పేరు, నంబరు రాసిన కాగితం పెట్టండి. మామయ్యగారి జేబులో కూడా ఒకటి పెట్టండి, ఆయన ఏమీ అనుకోరు. పెద్దవాళ్ళకు చక్రాల కుర్చీ ఇస్తారు, దాంట్లో కూర్చోవడానికి అత్తయ్యగారు మొహమాటపడతారు. "మీకు కాదండీ, మేం త్వరగా తిరగడానికి" అని చెప్పి చూడండి.

సోమవారం ఆగ్రా. కారులో అయితే యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్ళిరావచ్చు కానీ నేను రైలుకే ఓటేస్తాను. నిజాముద్దీన్ స్టేషన్ నుంచి ఉదయం 8.10కి గతిమాన్ ఎక్స్‌ప్రెస్ ఉంది, గంట నలభై నిమిషాల్లో ఆగ్రా కంటోన్మెంట్‌లో దింపుతుంది. సాయంత్రం ఆరు లోపే తిరుగు బండి. టికెట్ తీసేటప్పుడు టైములు ఒకసారి సరిచూసుకోండి. మన దేశంలో గంటకు 160 కిలోమీటర్ల వేగంతో నడిచిన మొదటి రైలు ఇదేనని బాబుకు చెప్పండి, తాజ్‌మహల్ గురించి ఇంక వాడు అడగడు.

తాజ్ దగ్గర వాహనాలను కొంత దూరంలోనే ఆపేస్తారు. అక్కడి నుంచి గేటు దాకా బ్యాటరీ బండ్లు ఉంటాయి, పెద్దవాళ్ళను నడిపించకండి. మనవాళ్ళకు లోపలికి 50 రూపాయలు, సమాధి ఉన్న భవనంలోకి వెళ్ళాలంటే ఇంకో 200. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు టికెట్ లేదు. ఢిల్లీలో పురావస్తు శాఖ చూసుకునే కట్టడాల్లోనూ పిల్లలకు ఇదే పద్ధతి. పాప పొడుగ్గా ఉంటే గేటు దగ్గర అడుగుతారు, ఆధార్ జిరాక్సు దగ్గరుంచుకోండి. ఆ 200 అందరికీ కట్టేముందు అత్తయ్యగారిని అడగండి. సమాధి దగ్గరికి మెట్లెక్కాలి, లోపల చీకటిగా, రద్దీగా ఉంటుంది. తాజ్ అందమంతా బయటే ఉంది. తోట మధ్యలో నీళ్ళ తొట్టి దగ్గర పాలరాతి అరుగు మీద ఆవిణ్ణి కూర్చోబెట్టి, ఎదురుగా చూసినంతసేపు చూడనివ్వండి. తర్వాత మామయ్యగారికి ఓపికుంటే ఆయన, మీవారు, పాప ఆగ్రా కోటకు వెళ్ళొస్తారు. కొడుకు ఔరంగజేబు బంధిస్తే షాజహాన్ చివరి ఎనిమిదేళ్ళు గడిపి 1666లో చనిపోయింది అక్కడే. మీరు, అత్తయ్యగారు, బాబు ఏసీ ఉన్న హోటల్‌లో నిదానంగా భోంచేయండి. ఫతేపూర్ సిక్రీ జాబితాలో ఉంటే కొట్టేయండి.

మంగళవారం గది ఖాళీ చేయాలి, రాత్రి విమానం. ఉదయం మళ్ళీ రెండు జట్లు. మీవారు, బాబు చాణక్యపురిలోని రైల్ మ్యూజియంకు వెళ్తారు. పాత ఇంజిన్లు ఆరుబయట ఉంటాయి, పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే చిన్న రైలుంది. పటియాలా సంస్థానంలో ఒకే పట్టా మీద నడిచిన ఆవిరి బండి కూడా ఉంది, పెద్దవాళ్ళకు కూడా అది వింతే. మామయ్యగారు, పాప ప్రధానమంత్రి సంగ్రహాలయకు. నెహ్రూ నివసించిన తీన్‌మూర్తి భవన్‌తో కలిపి 2022లో దీన్ని తెరిచారు. పి.వి. నరసింహారావు గారి గురించి కూడా ఉంది. తెరలూ బొమ్మలూ కదులుతూ మాట్లాడుతూ ఉంటాయి కాబట్టి పాపకు విసుగు రాదు. ఈ రెండూ ఒకే వైపు. మీరు, అత్తయ్యగారు గదిలో సూట్‌కేసులు సర్దుకుని, పన్నెండింటికి సామాను హోటల్‌వాళ్ళ దగ్గర పెట్టి, కరోల్‌బాగ్‌లో చీరలు చూడండి. ఇదీ సైట్‌సీయింగే. మీరున్న రోజుల్లో విజయదశమి పడితే మాత్రం ఏవి తెరుస్తారో, ఏవి తెరవరో ముందే కనుక్కోండి.

దసరా అన్నారు కాబట్టి ఇంకో మాట. ఆ రోజుల్లో ఎర్రకోట ఎదుటి మైదానాల్లో రాత్రిళ్ళు రామలీల ఆడతారు. విజయదశమి సాయంత్రం రావణుడు, కుంభకర్ణుడు, మేఘనాథుడి బొమ్మలు తగలబెడతారు. మనవైపు పండగకు దీనికీ పోలికే లేదు, పిల్లలకు చూపించాల్సిందే. కానీ పెద్ద మైదానాలకు వెళ్ళకండి. జనం, ట్రాఫిక్ మళ్ళింపులు, తిరిగి రావడానికి ఆటో దొరకదు. ప్రతి పేటలోనూ ఒక రావణుడు ఉంటాడు. మీ హోటల్‌వాళ్ళను అడిగితే నడిచి వెళ్ళే దూరంలో ఎక్కడ కాలుస్తారో చెబుతారు. చెవులు మూసుకోవడానికి బాబుకు కాస్త దూదివ్వండి.

ఇక గది. కరోల్‌బాగ్ తీసుకోండి. పహాడ్‌గంజ్ న్యూఢిల్లీ స్టేషన్‌ను ఆనుకుని ఉంటుంది, చవక, కానీ సందులు ఇరుకు, రాత్రి పెద్దవాళ్ళతో సామాను లాక్కుంటూ నడిచే చోటు కాదు. కరోల్‌బాగ్‌లో మెట్రో ఉంది, ఇడ్లీ దోసెలకు కొరత లేదు. బుక్ చేసే ముందు ఫోన్ చేసి లిఫ్ట్ ఉందా, అది పనిచేస్తోందా అని రెండు ప్రశ్నలుగా అడగండి.

కారా మెట్రోనా అన్నదానికి రెండూ కావాలి. మెట్రోలో అన్ని స్టేషన్లలో లిఫ్టులున్నాయి, పెద్దవాళ్ళకు భయం లేదు. ఎర్రకోటకు బ్లూలైన్‌లో మండీ హౌస్ దాకా వెళ్ళి, వయొలెట్ లైన్ మారి లాల్‌ఖిలా స్టేషన్‌లో దిగాలి. అక్షర్‌ధామ్‌కు కరోల్‌బాగ్ నుంచి మారకుండా వెళ్ళొచ్చు, కాకపోతే యమునా బ్యాంక్ దగ్గర లైను రెండుగా చీలుతుంది. వైశాలి వెళ్ళే బండి కాకుండా నోయిడా బండి ఎక్కండి. మొదటి పెట్టె ఆడవాళ్ళది, అందులో మీ ముగ్గురికీ సీటు దొరికే అవకాశం ఎక్కువ. ఎక్కే ముందు ఏ స్టేషన్‌లో దిగాలో అందరికీ చెప్పి ఉంచండి. కుతుబ్‌కు, ఇండియా గేట్‌కు మాత్రం స్టేషన్ నుంచి దూరం ఎక్కువ. అక్కడికి ఆరుగురు పట్టే క్యాబ్ మాట్లాడుకోండి. సోమవారం తెల్లవారి నిజాముద్దీన్ స్టేషన్‌కూ అంతే.

రోజంతా కారు మాట్లాడుకుంటే డ్రైవరు మధ్యలో "గవర్నమెంట్ ఎంపోరియం, చూస్తే చాలు, కొనక్కర్లేదు" అంటాడు. అతనికి అక్కడ కమీషన్ ఉంటుంది. నవ్వుతూ వద్దనండి, రెండోసారి కూడా నవ్వుతూనే వద్దనండి. స్టేషన్ల దగ్గర ఎవరైనా వచ్చి మీ రైలు క్యాన్సిలయింది, టూరిస్ట్ ఆఫీసు అటు ఉంది అంటే ఆగకుండా లోపలికి నడవండి. గైడు కావాలంటే పర్యాటక శాఖ ఇచ్చిన గుర్తింపు కార్డు చూసి, డబ్బెంతో ముందే తేల్చుకోండి.

మంగళవారం ఎయిర్‌పోర్టుకు ఐదున్నరకల్లా బయల్దేరండి, ఆ టైములో రోడ్లు కిక్కిరిసి ఉంటాయి. అంతకుముందు టికెట్ మీద టెర్మినల్ ఏదో చూసుకుని డ్రైవరుకు చెప్పండి. ఒకటో టెర్మినల్, మూడో టెర్మినల్ పక్కపక్కనే ఉండవు.